పిడికెడు గింజలు, పన్నెండు నెలలు

కమలాపురంలో దానానికి కొదవ లేదు. గఫారియా దర్గా ఉరుసు రోజుల్లో ఊళ్లోకి వచ్చినవాడు ఆకలితో తిరిగిపోడు. రంజాన్‌ నెలలో బియ్యం సంచులు వీధి వీధికీ కదులుతాయి. కార్తీకంలో గుళ్ల దగ్గర విస్తళ్లు పడతాయి, మాల వేసుకున్న స్వాములు భిక్ష పెడతారు. శ్రీరామనవమికి పానకం, వడపప్పు. నాయకుల పుట్టినరోజులకు ఆసుపత్రిలో రోగులకు పండ్లు, రొట్టెలు. ఈ తేదీలన్నీ గోడ మీది క్యాలెండరులో గుర్తు పెట్టుకుంటూ పోతే గుర్తులన్నీ గుంపులు గుంపులుగా పడతాయి, మధ్యలో వారాలకు వారాలు ఖాళీ. బుడ్డశనగ కోతలు అయిపోయి కూలి దొరకని ఏప్రిల్‌, మే నెలల్లో, విత్తనం చేతపట్టుకుని మబ్బుకేసి చూసే ఆషాఢంలో ఎవరూ ఎవరి తలుపూ తట్టరు. అవసరం మాత్రం అప్పుడే ఎక్కువ.

జేబుకు భారం కాకుండా ఏడాది పొడుగునా ఇవ్వడం ఎట్లా? లక్షలున్నవాళ్ల సంగతి వేరు. సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసేవాడు, బస్టాండు దగ్గర చిన్న అంగడి పెట్టుకున్నవాడు, అంగన్‌వాడీ టీచరు, నెలకు పదిహేను ఇరవై వేలతో సంసారం ఈదేవాళ్లు ఏం చేయగలరు? మన వైపు ఇంతకు ముందు ఏమేం చేశారు, వాటిలో ఏవి నిలబడ్డాయి, ఏవి ఫొటోలతో ఆగిపోయాయి? ఇవన్నీ ఒకచోట పెట్టి చూస్తే నాకు తేలింది ఇది. ఈ ఎండసీమలో ఏళ్ల తరబడి సాగిన దానం పెద్ద చెయ్యి ఉన్నందువల్ల సాగలేదు. మొత్తం చిన్నదై, ఇచ్చే రోజు ముందే ఖరారై, అడిగి పట్టుకుపోయే మనిషి ఒకడున్న చోటే సాగింది. మూడోది లేకపోతే మొదటి రెండూ ఉన్నా లాభం లేదు.

మనకు నోటికొచ్చే కథలు మాత్రం పెద్ద చేతివే. పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించాడు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని శాసనమే లెక్క చెబుతుంది. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, రాకూడని ఆరు దోషాలు కూడా అందులో ఉన్నాయి. ఆ తర్వాతి కాలానికి వస్తే ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి. 1866 కరువులో గాదెలు తెరిచి వేలమందికి అన్నం పెట్టాడు, విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. కర్నూలు పల్లెల్లో ఆయన మీద పాటలు ఇప్పటికీ పాడతారు. 1950ల మొదట్లో వచ్చిన కరువులో గంజి కేంద్రాల ముందు గిన్నెలు పట్టుకుని నిలబడిన తరం నిన్నమొన్నటి దాకా మన ఇళ్లలో ఉంది. పుట్టపర్తి సాయిబాబా పేరుతో 1995లో అనంతపురం జిల్లాలో మొదలైన తాగునీటి పథకం ఏడు వందల పైచిలుకు ఊళ్లకు నీళ్లిచ్చింది.

గొప్ప పనులు, కాదనను. కానీ ఈ కథలు వినీ వినీ సామాన్యుడికి ఒక నమ్మకం స్థిరపడింది. దానమంటే గాదెలున్నవాడి పని, మనం చేయాల్సింది దండం పెట్టడమే అని. చెరువునే తీసుకుందాం. కట్టించిన పేరు ఒక్కరికి దక్కింది. ఏటా పూడిక తీసి, కట్టకు గండి పడకుండా చూసినవాళ్ల పేర్లు ఏ రాతి మీదా లేవు. ఆ పని ఆగకూడదనే దశబంధం ఇనాములు పుట్టాయి. చెరువు మరమ్మతు చూసుకునేవాళ్లకు ఆయకట్టులో కొంత భూమి వదిలేవారు. ఇచ్చినదాన్ని ఏడాదేడాదీ బతికించే ఖర్చు ఎవరు పెట్టాలన్న ఆలోచన అప్పటివాళ్లకు ఉంది. ఇవాళ్టి శిలాఫలకాలకు లేనిది అదే.

చిన్న చేతులు కలిసి పెద్ద పని నడపడం చూడాలంటే మన కడప జిల్లా దాటి పోనక్కర్లేదు. కాశిరెడ్డి నాయన 1895లో నెల్లూరు జిల్లా బెడుసుపల్లెలో పుట్టాడు, నల్లమల అంచుల్లో తిరిగాడు, 1995 డిసెంబరులో జ్యోతి క్షేత్రంలో కన్నుమూశాడు. ఇప్పుడు ఆ మండలమే ఆయన పేరు మీద ఉంది. పాడుబడిన గుడిని బాగుచేయించడం, దాని పక్కనే పొయ్యి వెలిగించడం, ఆయన బతుకంతా ఈ రెండు పనులే. పోయిన తర్వాత కూడా కడప, కర్నూలు, ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఆయన పేరుతో ఉన్న ఆశ్రమాల్లో పొయ్యి ఆరలేదు. ఏ వేళకు పోయినా విస్తరి వేస్తారు. కులం అడగరు, ఎందుకొచ్చావని అడగరు.

ఈ పొయ్యిలోకి కట్టె ఎక్కడి నుంచి వస్తోంది? ఏ కోటీశ్వరుడూ రాసిచ్చిన ఆస్తి మీద మాత్రమే ఇది నడవడం లేదు. కల్లం నుంచి నేరుగా వచ్చిన వడ్ల బస్తా, జొన్నల మూట, ధర పడిపోయిన ఏడు సంతకు తోలడం దండగనుకున్న టమోటా గంపలు, ఒకరి కట్టెలు, ఇంకొకరి మజ్జిగ. ఏమీ తేలేనివాడు ఉల్లిగడ్డలు తరిగి, విస్తళ్లెత్తి పోతాడు, అదీ జమే. రైతు దగ్గర నోట్లు ఉండే కాలం వేరు, గింజలు ఉండే కాలం వేరు. రసీదు పుస్తకం పట్టుకుని వచ్చేవాళ్లు ఈ తేడా చూడరు. నాయన ఆశ్రమాలు చూశాయి. ఏ నెలలో ఎవరి దగ్గర ఏముంటే అది తీసుకున్నాయి. అడవి భూమిలో ఉన్నాయంటూ 2025 మార్చిలో అటవీశాఖ జ్యోతి క్షేత్రంలో కొన్ని కట్టడాలను కూల్చినప్పుడు సీమలో అంత కలకలం రేగింది అందుకేనని నా అనుమానం. తన ఇంటి సేరు గింజలు ఆ పొయ్యి మీద ఉడికాయన్న లెక్క వేలమంది మనసులో ఉంది. చివరికి మంత్రి నారా లోకేశ్‌ బహిరంగంగా క్షమాపణ చెప్పి, తిరిగి కట్టిస్తామని మాటివ్వాల్సి వచ్చింది.

తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానం ఇంతకంటే ఎన్నో రెట్లు పెద్దది. అక్కడ ఒక్కరోజు భోజనాల ఖర్చు మొత్తం భరించాలంటే ఇప్పుడు 44 లక్షల రూపాయలు కట్టాలి. చిన్న విరాళాలూ తీసుకుంటారు, లారీలకొద్దీ కూరగాయలు పంపే దాతలూ ఉన్నారు. కానీ మామూలు ఇళ్లవాళ్లను అక్కడికి ఎక్కువగా లాగింది 2000లో మొదలైన శ్రీవారి సేవ. ఊళ్ల నుంచి జట్లు జట్లుగా పోయి వారం రోజులు వడ్డించి, క్యూలు చూసుకుని వస్తారు. చేతిలో డబ్బు లేనివాళ్లు ఒళ్లొంచి ఇస్తున్నారు.

అయితే మంచం దిగలేని ముసలమ్మ జ్యోతి క్షేత్రానికీ పోలేదు, తిరుమలకూ పోలేదు. ఆమె ఉండేది మన వెనక వీధిలో. అక్కడికి చేరే దానం పిడికెడు బియ్యం.

వంట బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేయడం. ఇంతకు మించి ఇందులో ఏమీ లేదు. వినోబా భావే 1950ల చివర్లో దీనికి సర్వోదయ పాత్ర అని పేరు పెట్టి, ఇంట్లో చిన్నబిడ్డ చేత రోజూ వేయించమన్నాడు. కంచి పరమాచార్యులు తమిళ దేశంలో పిడి అరిసి అంటూ ఇదే చేయించారు. మన చర్చిల్లో ఆడవాళ్లు ఆదివారం సంచిలో తెచ్చి పోసే బియ్యం కూడా ఇదే. దీన్ని అందరికంటే గట్టిగా పట్టుకున్నది ఎక్కడో ఉన్న మిజోరం. అక్కడి క్రైస్తవ స్త్రీలు 1910లో పూటకొక పిడికెడు తీయడం మొదలుపెట్టారు, నూరేళ్లు దాటినా మానలేదు. ఆ బియ్యం అమ్మిన డబ్బే ఏటా కోట్లలో చర్చికి చేరుతోంది.

లెక్క వేయండి. పిడికెడంటే దాదాపు 50 గ్రాములు. రోజుకొకటి చొప్పున ఏడాదికి 18 కిలోలు దాటుతుంది. వంద ఇళ్ల వీధిలో 18 క్వింటాళ్లు. నెలకు పదిహేను కిలోల చొప్పున ఇస్తే పది ఇళ్లకు సంవత్సరమంతా సరిపోతుంది. ఇచ్చిన ఇంటికి తెలియనే తెలియదు, కుండలో పిడికెడు తగ్గితే ఎవరి కడుపూ మాడదు. మరి ఇంత తేలికైంది మన దగ్గర చాలాచోట్ల ఎందుకు చచ్చిపోయింది? డబ్బా నిండినా పట్టుకుపోయేవాళ్లు లేక. మూడు నెలలు ఎదురుచూసేసరికి ముక్కపురుగు పడుతుంది, ఆ బియ్యం కోళ్లకు పోతాయి, డబ్బాలోకి చక్కెర వస్తుంది. మిజోరంలో ఇంటింటికీ తిరిగే ఆడవాళ్లకు వంతులున్నాయి, వారాలున్నాయి, పద్దు పుస్తకం ఉంది. మన దగ్గర ఉపన్యాసం ఇచ్చినాయన డబ్బాలు పంచి వెళ్లిపోయాడు.

ఇంకో మార్పూ వచ్చింది. ఇప్పుడు రేషన్‌ కార్డున్న ఇంటికి మనిషికి ఐదు కిలోల బియ్యం ఉచితంగా అందుతోంది. వెనక వీధి ముసలమ్మ ఇంట్లో ఇవాళ కరువైంది బియ్యం కాదు. కందిపప్పు, నూనె, పాలు, బీపీ మాత్రలు. అయినా దానమంటే బియ్యం బస్తా అనే అలవాటు పోలేదు. బియ్యమున్న ఇంటికే బియ్యం పోసి వస్తాం, ఆమె వాటిలో సగం అమ్ముకుని పప్పు కొనుక్కుంటుంది, కొనేవాడు బస్తా ధరలో సగం కోసుకుంటాడు. పిడికెడు బియ్యం పద్ధతి మంచిదే, డబ్బాలో పడే సరుకే మారాలి. సత్యసాయి సంస్థలు అమృత కలశం పేరుతో చేసేది కొంత ఇదే. ఇంటింటి నుంచీ బియ్యం, పప్పు, నూనె, ఉప్పు ఒక సంచిగా కట్టి ఎంచుకున్న కుటుంబానికి చేరుస్తారు. పప్పు నెలకు అరకిలో చాలు. ఇచ్చే ఇంటికి అది అరవై, డెబ్బై రూపాయల మాట.

బియ్యం కాక పాత పద్ధతి ఇంకొకటుంది, వారాలు. చదువుకునే పేదపిల్లవాడు సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో తినేవాడు. ఏడు ఇళ్లు కుదిరితే ఏడాది గడిచినట్టే. ఒక్క ఇంటి మీద పడేది వారానికి ఒక మనిషి భోజనం. రోజు ఖరారు, మనిషి ఖరారు, పిల్లవాడే నడిచి వస్తాడు కాబట్టి మోసుకుపోయేవాడి బెడదా లేదు. నా దృష్టిలో తెలుగువాళ్లు పాటించిన దాన పద్ధతుల్లో దీనికి సాటి లేదు. దీని మీద మచ్చ కూడా చిన్నది కాదు. ఆ అరుగులు ఎక్కే హక్కు ఎక్కువగా ఒక కులం పిల్లలకే ఉండేది. తక్కిన కులాల పిల్లవాడు ఆకలితో చదువు మానేస్తే అడిగినవాడు లేడు. శ్రీశైలం పోతే ఆ వాసన ఇప్పటికీ తగులుతుంది, కులానికొక సత్రం, గేటు మీదే కులం పేరు. ఎవరి కులానికి వాళ్లు పెట్టుకుంటే తప్పేమిటని అడిగేవాళ్లున్నారు. తప్పు పెట్టడంలో లేదు. సత్రమే లేని కులంవాడు ఎక్కడ తినాలన్నదానికి వాళ్ల దగ్గర జవాబు లేదు, అంతే. నాయన పొయ్యి పక్కన నిలబెట్టి చూస్తే ఈ సత్రాలు చిన్నబోతాయి.

వారాలను ఇవాళ్టికి తగ్గట్టు మార్చుకోవచ్చు. గుజరాత్‌లో తిథి భోజనం పేరుతో మొదలైన పద్ధతిని బడి భోజన పథకంలోకి కేంద్రం కూడా తీసుకుంది. పుట్టినరోజుకో, పెద్దల తద్దినానికో బడిలో పిల్లలందరికీ అదనంగా ఒక వంటకం పెట్టించడం అన్నమాట. మన బడుల్లో డొక్కా సీతమ్మ పేరుతో మధ్యాహ్న భోజనం నడుస్తోంది, గుడ్డు, చిక్కీ ఇస్తున్నారు. దాని మీద ఒక పండో, గ్లాసు మజ్జిగో పెట్టడం ఒక కుటుంబానికి మోయలేని బరువు కాదు. ఏడాదిలో ఇరవై కుటుంబాలు తలా ఒక రోజు తీసుకుంటే చాలు. అయితే హెడ్మాస్టరు దగ్గర తేదీల పట్టిక ఉండాలి. లేకపోతే ఆగస్టు 15కు ముగ్గురు దాతలు లడ్డూ డబ్బాలతో వచ్చి గేటు దగ్గర ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు.

కమలాపురంలో అందరికంటే శ్రద్ధగా దానపు లెక్క చూసేది ముస్లింలు. జకాత్‌ మొహమాటం మీద నడిచే వ్యవహారం కాదు. 87.48 గ్రాముల బంగారమో, 612.36 గ్రాముల వెండో, దానికి సమానమైన డబ్బో చాంద్రమాన సంవత్సరమంతా చేతిలో ఉన్నవాళ్లు అందులో రెండున్నర శాతం తీయాలి. ఎవరికివ్వాలో ఎనిమిది రకాలుగా చెప్పి ఉంది, అందులో అప్పుల్లో మునిగినవాడూ ఉన్నాడు. మన దానాల్లో అప్పులవాడికి చోటెక్కడుంది? బిచ్చగాడికి పెడతాం, వడ్డీ కట్టలేక ఊరు విడిచి పోతున్నవాడిని చూసి తలుపు వేసుకుంటాం. ఇది కాక ఫిత్రా. ఇంట్లో పసిబిడ్డతో సహా తలకింత అని లెక్కగట్టి పండుగ నమాజుకు ముందే ఇచ్చేయాలి, పేదింట్లో కూడా పండుగ పూట పొయ్యి వెలగాలని. రంజాన్‌లో ఇస్తే పుణ్యం ఎక్కువన్న నమ్మకంతో చాలామంది జకాత్‌ మొత్తాన్నీ ఆ నెలలోనే తీసేస్తారు. సంవత్సరం నిండకముందే అంచనా వేసుకుని విడతలుగా ఇవ్వడానికి హనఫీ పద్ధతిలో అడ్డు లేదు. నెలనెలా తీసి పక్కన పెట్టే వ్యాపారులు కొందరున్నారు. జూన్‌లో కాలేజీ ఫీజుకు తడుముకునే పిల్లకు ఆ విడత ఎంత పనికొస్తుందో వాళ్లకు తెలుసు. చర్చికి పోయే కుటుంబాలు దశమ భాగం నెల జీతంలోనే తీస్తాయి. హిందువులకు ఇలాంటి కొలత లేదు. యథాశక్తి అంటాం. ఆ మాట చాలాసార్లు ఏమీ ఇవ్వకపోవడానికే పనికొస్తోంది.

డబ్బు విషయానికొస్తే, రోజుకొక రూపాయి అన్నదాన్ని ఎగతాళి చేసేవాళ్లు మన రాష్ట్ర చరిత్ర మరిచిపోయారు. నెల్లూరు జిల్లాలో సారా మీద తిరగబడిన ఆడవాళ్లు 1990ల మొదట్లో రోజుకు రూపాయి చొప్పున నెలకు ముప్ఫై రూపాయలు పొదుపు కట్టడం మొదలుపెడితే, అది రాష్ట్రమంతా పాకి బ్యాంకులే వాళ్ల గుమ్మం ముందుకు వచ్చాయి. పొదుపు సంఘానికి పద్దు పుస్తకం ఉంది, నెలనెలా సమావేశం ఉంది, రాకపోతే నిలదీసే నోళ్లున్నాయి. నేను పైన చెప్పిన అడిగి పట్టుకుపోయే మనిషి అక్కడ సిద్ధంగా ఉన్నాడు, సరిగ్గా చెప్పాలంటే ఉంది. ఆ పుస్తకంలోనే దానానికి ఒక గడి గీసి, సభ్యురాలికి నెలకు పది రూపాయలని రాసుకుంటే పదిమంది సంఘం ఏడాదికి 1,200 రూపాయలు తీస్తుంది. ఊళ్లో యాభై సంఘాలుంటే 60 వేలు. కొత్త ట్రస్టు అక్కర్లేదు, కొత్త బోర్డు అక్కర్లేదు.

అనంతపురంలో 1969 నుంచి పనిచేస్తున్న ఆర్డీటీ ఈ దారిలో నడిచి చూసింది. విన్సెంట్‌ ఫెర్రర్‌ పెట్టిన ఆ సంస్థకు స్పెయిన్‌ నుంచి వచ్చే చిన్న చిన్న విరాళాలే ఊపిరి. అక్కడివాళ్లు ఇక్కడి ఒక్కొక్క బిడ్డ పేరు మీద నెలనెలా పంపేవి. తర్వాత ఇండియా ఫర్‌ ఇండియా అంటూ మన పల్లెల్లోనే ఇంటింటికీ హుండీలు ఇచ్చారు. ఒకప్పుడు సంస్థ కట్టించిన ఇంట్లో ఉంటున్నవాళ్లే చిల్లర వేసి అనాథ పిల్లల కోసం తిరిగి పంపారు. విదేశీ విరాళాల అనుమతి విషయంలో 2025లో సంస్థ చిక్కులో పడి జనం రోడ్డెక్కినప్పుడు ఆ హుండీల విలువ అర్థమైంది. ఆసుపత్రులు నడపడానికి హుండీలు చాలవు, నిజమే. కానీ ఢిల్లీలో ఒక సంతకం ఆగితే ఇక్కడ పొయ్యి ఆరే పరిస్థితి మంచిది కాదని గట్టిగా చెప్పగలిగేది హుండీలో చిల్లర వేసినవాడే.

శాశ్వత అన్నదానం బోర్డులు ప్రతి గుడిలోనూ కనిపిస్తాయి. ఒకసారి మొత్తం కడితే ఏటా మీరు కోరిన తేదీన వడ్డీతో భోజనం పెడతామంటారు. ముప్ఫై నలభై ఏళ్ల కిందట 1,116 రూపాయలు కట్టిన కుటుంబాన్ని తీసుకుందాం. పది శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 111 రూపాయలు. అప్పుడు ఆ డబ్బుతో ఒక బంతి లేచేది. ఇప్పుడు ఇద్దరు తింటే అయిపోతుంది, వడ్డీ రేట్లు కూడా అప్పటివి కావు. బోర్డు మీద పేరు శాశ్వతమే, అన్నం కాదు. ఒక్కసారిగా పెద్ద మొత్తం కట్టే బదులు ఏటా అప్పటి ధరకు తగినంత ఇవ్వడం ఇద్దరికీ మేలు. ఫోన్‌లో ఆటోపే పెట్టుకుంటే నెలకు వంద రూపాయలు వాటంతటవే పోతాయి. పన్ను మినహాయింపు మీద ఆశ ఉన్నవాళ్లకు ఒక మాట. 80జీ కింద రెండు వేలు మించిన నగదు విరాళం లెక్కకు రాదు, బియ్యం, బట్టలు అసలే రావు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఆ మినహాయింపే లేదు. ఇరవై వేల జీతగాడికి దాంతో పనీ లేదు.

ఇక చలివేంద్రం. కడప ఎండలో దీన్ని మించిన దానం ఉందంటే ఒప్పుకోను. చౌక అయిందీ ఇదే, చెడిపోయిందీ ఇదే. ఏప్రిల్‌ మొదటి వారంలో నాలుగు గుంజలు పాతి, తాటాకో టార్పాలినో కప్పుతారు. ఇసుక పోసి, దాని మీద నాలుగు కుండలు పెడతారు, పెద్దమనిషి రిబ్బను కోస్తాడు, ఆ రోజు మజ్జిగ కూడా ఉంటుంది. పది రోజుల తర్వాత పోయి చూడండి. ఇసుక ఎండి గచ్చులా గట్టిపడి ఉంటుంది. కుండ మూత తీస్తే అడుగున నాలుగు వేళ్ల నీళ్లు, అందులో తేలే ఈగ. గొలుసుకు కట్టిన గ్లాసు పోయి గొలుసు మిగిలి ఉంటుంది. ఫ్లెక్సీ మాత్రం చెక్కుచెదరదు, అందులో దాత నవ్వుతూనే ఉంటాడు. పందిరికి, ఫ్లెక్సీకి, మజ్జిగకు అయిన ఖర్చులో సగం పెట్టి రోజూ రెండు పూటలా నీళ్లు మోసి, ఇసుక తడిపి, కుండలు కడిగే ఒక మనిషికి కూలి ఇచ్చి ఉంటే జూన్‌ తొలకరి దాకా అది నడిచేది. నీళ్లు పోసే మనిషిని పెట్టని చలివేంద్రానికి చందా ఇవ్వకండి. ముసలామెనో, కాలు సరిలేని మనిషినో ఆ నీడన కూర్చోబెడితే రెండు నెలల బతుకుతెరువు కూడా అవుతుంది. గొడ్లకు నాపరాళ్లతో ఒక తొట్టి కట్టించడం మన ప్రాంతంలో పెద్ద ఖర్చు కాదు, రాయి కాళ్ల కిందే ఉంది. అక్కడా అదే ప్రశ్న, రోజూ నింపేదెవరు?

దాదాపు ఖర్చు లేనివి ఇంకా ఉన్నాయి. రక్తం చూడండి. పద్దెనిమిది నుంచి అరవై ఐదేళ్ల లోపు, 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్‌ 12.5 ఉన్న మగవాళ్లు మూడు నెలలకొకసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకొకసారి ఇవ్వచ్చు. తీసేది 350 మిల్లీలీటర్లు. ఎర్రకణాలను 35 నుంచి 42 రోజులు మాత్రమే నిల్వ చేయగలరు, ప్లేట్‌లెట్లు ఐదు రోజులే ఉంటాయి. అందుకే నాయకుడి పుట్టినరోజున మూడు వందల మంది ఒకేసారి పడుకుని ఇస్తే కొంత పాడైపోతుంది, కాలేజీలకు సెలవులిచ్చిన మే నెలలో ప్రసవానికొచ్చిన మనిషికి దొరకదు. తలసేమియా పిల్లలకు రెండు మూడు వారాలకొకసారి ఎక్కించాల్సిందే, వాళ్లకు నాయకుల పుట్టినరోజులతో పని లేదు. పదిమంది స్నేహితులు వంతులేసుకుని నెలకొకరు చొప్పున కడపకు పోయి ఇచ్చి రావడం, పాతిక కిలోమీటర్ల బస్సు చార్జీతో అయిపోయే దానం.

పరిగె కూడా అలాంటిదే. శనక్కాయలు పీకిన చేలో మిగిలినవి ఏరుకోవడానికి వచ్చిన ఆడవాళ్లను తరమకుండా ఉండటానికి రైతుకు అయ్యే ఖర్చు సున్నా. కంచెలు, కౌళ్లు పెరిగిన కొద్దీ ఇదీ తగ్గుతోంది. సచివాలయంలో పింఛను కాగితం పూర్తి చేసి పెట్టడం, చూపు లేని విద్యార్థికి పరీక్షలో రాసిపెట్టడం, చదివేసిన పుస్తకాలు ఇవ్వడం కూడా ఈ కోవలోవే. కడపలో బ్రౌన్‌ దొర బంగళా ఉన్న చోట జానుమద్ది హనుమచ్ఛాస్త్రి నిలబెట్టిన గ్రంథాలయం ఇళ్ల అటకల మీది పుస్తకాలతో, తాళపత్రాలతో, ఆయన తిరిగి తిరిగి పోగుచేసిన చందాలతో పెరిగిందే. పట్టువదలకుండా అడిగే మనిషి ఒక్కడుంటే ఏమవుతుందో చూపడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇచ్చి నష్టం చేసేవీ ఉన్నాయి. 2021 నవంబరు వరదలో కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది, ఆ రోజుల్లోనే అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేటి ఒడ్డు ఊళ్లు కొట్టుకుపోయాయి. ఏ వరదకైనా లారీల్లో ముందు దిగేవి పాతబట్టలు. గుండీలు ఊడిన చొక్కాలు, పెళ్లికి ఒకసారి కట్టి విసుగెత్తిన చెమ్కీ చీరలు. బురదలో నిలబడ్డవాళ్లకు వాటిని ఏరడమే ఒక పని. ఆ పూటకు కావలసింది లుంగీలు, దుప్పట్లు, చంటిపిల్లల పాలు, నాప్కిన్లు. ఆశ్రమాల్లో పిల్లల ముందు కేకు కోయడం ఇంకొకటి. ఒకే ఆదివారం మూడు కేకులు వస్తాయి, సోమవారం సబ్బు ఉండదు. పోయే ముందు ఫోన్‌ చేసి ఏం కావాలని అడిగితే వాళ్లు చెబుతారు, చెప్పింది మనకు ఫొటోలో బాగుండదు.

2025 ఉగాదికి రాష్ట్ర ప్రభుత్వం పీ4 అని ఒకటి మొదలుపెట్టింది. ఉన్నవాళ్లు మార్గదర్శులై, లేనివాళ్లను బంగారు కుటుంబాలుగా దత్తత తీసుకోవాలని. ఉద్దేశాన్ని తప్పుపట్టను. ఒక కుటుంబాన్ని ఏళ్ల తరబడి పట్టుకుని ఉండాలన్న ఆలోచన, పండుగ పూట సంచి ఇచ్చి మాయమయ్యే అలవాటు కంటే నయం. కానీ పైఅధికారి అడిగాడని కిందివాడు పేరు రాయించుకుంటే అది దానమూ కాదు, పన్నూ కాదు. పైగా ఇది పైనున్న పదిశాతం వైపే చూస్తోంది. అంగన్‌వాడీ టీచరుకు అందులో చోటు లేదు. ఆమెకు ఇవ్వాలనే ఉంది.

ఆమె నెలకు మూడు వందలు తీయగలననుకుంటే నేనైతే ఇట్లా సర్దుతాను. అరకిలో కందిపప్పు, అరలీటరు నూనె వెనక వీధి ముసలమ్మకు, నెల మొదటి ఆదివారమే, ఆమె అడగకముందే. దానికి నూట ముప్ఫై, నూట నలభై అవుతుంది. పది రూపాయలు సంఘం పుస్తకంలో. యాభై రూపాయలు మందుల అంగడిలో ముసలమ్మ పేరు మీద జమ, ముగ్గురు కలిస్తే బీపీ మాత్రలకు సరిపోతాయి. మిగిలిన వందను పది నెలలు ముట్టుకోకుండా పోస్టాఫీసులో వేయాలి. జూన్‌ నుంచి మార్చి దాకా వెయ్యి రూపాయలవుతుంది, ఇంకో తొమ్మిదిమంది తోడైతే పది వేలు. ఏప్రిల్‌లో కుండలు, ఇసుక కొని, నీళ్లు పోసే మనిషితో రెండు నెలల కూలి మాట్లాడుకునేది ఆ డబ్బుతోనే. ఫ్లెక్సీకి అందులో చోటు లేదు.